చెంచాడు ఎరుపు

తెయోదోరా ఇంటి రేకుల మీద
ఏడు సీసాలు పడుకుని ఎండ కాచుకుంటున్నాయి.
ఒరూరో పీఠభూమి. జూన్ నెల, కొరికే చలి.

బావినీళ్లు అద్దంలా ఉంటాయి.
అదే ఆవిడ భయం.
"తియ్యగా మాట్లాడేవాణ్ణి నమ్మొద్దనేది మా అమ్మ.
తేట నీళ్ల సంగతి చెప్పకుండా పోయింది."

సీసాకి చిటికెడు ఇనప పీచు,
అంట్లు తోమేదే, సంతలో నాణేనికి మూడుండలు.
నాలుగు చుక్కల నిమ్మరసం.
ఆపైన పని సూర్యుడిది.

పొద్దు వాలేసరికి నీళ్లు తుప్పురంగుకి తిరుగుతాయి.
మనవడు మొహం చిట్లిస్తాడు: పాడైపోయాయి అవ్వా!
"పాడవనీరా. పాడైతేనే బాగుపడేది."

రాత్రంతా కదపదు.
తెల్లారి వడకట్టేది
తగరపు గనిలో మొగుడు తొడిగిన చొక్కాతో.
అతని ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్మును
ఆపలేకపోయిన గుడ్డ
దీన్ని మాత్రం ఆపుతుంది.

మిగిలేది చెంచాడు ఎర్ర బురద.
పట్నం నుంచి వచ్చి ఇదంతా నేర్పిన కుర్రాడు
విషాన్ని నీళ్లలోంచి తియ్యడం చెప్పాడు,
తీశాక ఎక్కడ పెట్టాలో
చెప్పేలోపే బస్సు వచ్చేసింది.

పాలపొడి డబ్బాలో దాస్తోంది,
మూత బిగించి, పైన రాయి పెట్టి,
లామాలు నాకకుండా.

డబ్బా సగం దాటింది.