సీటు రెండు వేళ్ళు పైకి

కుడి మోకాల్లో రెండు స్క్రూలున్నాయి.
వానొచ్చే రోజు
నాకంటే ముందు అవి నిద్ర లేస్తాయి.

చిత్తూరు గ్రౌండులో, ఖో-ఖో ఫైనల్లో,
పోల్ దగ్గర మలుపు తిరగతా ఉంటే
పాదం నిలబడిపోయింది, ఒళ్ళు తిరిగింది.
చప్పుడు నాకొక్కదానికే వినపడింది,
పచ్చి చెరుకు విరిచినట్టు.

"పరుగు మరిచిపో, మెట్లు మానుకో,
సైకిలు మటుకు తొక్కు" అన్నాడు డాక్టరు.
మెట్లు మానుకోవాలంట,
తిరుపతిలో!

మేనల్లుడి పాత సైకిలు దుమ్ము దులిపి
కరకంబాడి రోడ్డెక్కిన మొదటి రోజే
కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.
తోసుకుంటా కొర్లగుంటకొస్తే
పంచర్ షాపు దస్తగిరి
నా ముఖం చూళ్ళేదు, సీటు చూసినాడు.
"నొప్పి చిప్పకి ముందరా, ఎనకా?"
స్కానింగు కాయితాల్లో యాడా లేని ప్రశ్న.
ముందర, అన్నా.
పానా పట్టి
సీటు రెండు వేళ్ళు పైకి లేపినాడు.
"బలంగా తొక్కద్దు మేడం.
తేలిగ్గా తొక్కు, ఎక్కువసార్లు తొక్కు."
డబ్బులు వద్దన్నాడు.
అతని ఎడమకాలు వంగకుండా
స్టూలు మీద చాచి ఉండింది.
అప్పుడు గానీ నేను చూళ్ళేదు.

ఇప్పుడు రోజూ తెల్లారి ఐదుకి
లీలామహల్ సర్కిలు, ఇడ్లీ కుండల ఆవిరి,
తడి గోతాల్లో కనకాంబరాలు,
చందనం పూసుకున్న గుండ్లు గుంపులు గుంపులుగా.
కపిలతీర్థం దాటినాక
రోడ్డు మెల్లగా తల ఎత్తతాది.
బస్సులోళ్ళకి అది ఎక్కుడని కూడా తెలీదు.
నా చిప్పకి తెలుసు.

పైన మోకాళ్ళ మిట్ట ఉంది.
కోరికలున్నోళ్ళు మోకాళ్ళు ఆనించి
ఒక్కో మెట్టే ఎక్కుతారు.
నేను ఏ మొక్కూ మొక్కకుండానే
ఒకటి ముందే చెల్లించేసినా.
రసీదు ఇయ్యలేదు.

మొదట్లో ఎక్కుడు కాడ దిగాల్సొస్తే
చైను ఊడినట్టు వంగి చూసేదాన్ని,
చేతులకి కొంచెం గ్రీసు కూడా పూసుకునేదాన్ని.
ఇప్పుడు ఊరికే దిగతా.
నడిచిపొయ్యే గోవిందనామాల పక్కన
సైకిలు తోసుకుంటా పోతా.
ఈ ఊళ్ళో నడిచేవాళ్ళని
ఎవరూ ఓడిపోయినోళ్ళు అనుకోరు.

నొప్పి పదికి ఎంతని అడగతాది ఫిజియో అమ్మాయి.
ఈ పొద్దు నాలుగు.
నాలుగంటే
పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు.

బడికాడ ఆరో తరగతి పిల్లోళ్ళు
వరసగా గొంతుకూర్చుని ఉన్నారు.
సీటు పట్టుకుని గీత బయట నిలబడినా.
వెనక నించి తులసి, పొట్టిది, అల్లరిది,
నా వీపు మీద చెయ్యి చరిచి
"ఖో!" అంది.

కుడికాలు,
స్క్రూలతో సహా,
నన్నడక్కుండా ముందుకి దూకింది.

స్టాండు వెయ్యని సైకిలు
వెనకాల ధబ్బున పడింది.