పుట్టుక గడి

తిరుపతి పశువుల కాలేజీ నుంచి
టేపు, కాటా, పదహారు గడుల కాగితంతో పోయాను.
పలమనేరు అవతల, వంక దాటినాక పాపులమ్మవ్వ ఇల్లు.
గంప ఎత్తగానే మణికట్టు మీద పొడిచింది పెట్ట.
"మెల్లిగా బిడ్డా, పొదగతా ఉండాది."

రంగు: ఎరుపు, అని రాశాను.
"ఎరుపేంది? మెడకింద నలుపు చూడు. కాకిడేగ."
కొట్టేసి రాశాను.
తురాయి: బఠాణీ గింజంత.
చెంపల కింద లోలకులు: లేవు.
"పగోడికి పట్టు దొరక్కుండా దేవుడే కోసేసినాడు."
కాళ్లు పసుపుకొమ్ములు.
రొమ్మెముక మీద ఈక నిలవదు;
అక్కడి తోలు, కళ్లం ఊడ్చే అవ్వ మోకాలంత మొరటు.
బరువు రెండు కిలోల తొమ్మిది వందలు,
అందులో కోపమెంతో కాటా చెప్పలేదు.

పుట్టుక అనే గడిలో వేలెడు చోటు.
"దీనమ్మ కుంటిది.
కుంటిదానమ్మను మా ఆడబిడ్డ గంగులు పాలుకిచ్చింది,
పిల్లల్లో సగం దానికి, సగం నాకు.
దానమ్మ... చెనిక్కాయ చేన్లు మాడిపోయిన ఏడు
అన్నిట్నీ కోసుకు తిన్నాం.
గద్దను తరిమిందని దాన్నొక్కదాన్నే వదిలేసినాం."

పందేలు గెలిచిన పుంజుల పేర్లేమన్నా, అని అడిగాను.
"గెలిచినాయి, పోయినాయి.
ఇంట్లో ఉండింది పెట్టలే గదా!"

కాగితం వెనక్కి తిప్పి రాస్తూనే ఉన్నాను.
"చాల్లే, గుడ్లు చల్లారతాయి" అని
పెట్టను లాక్కొని గంప మూసేసింది.

బస్సులో చూసుకుంటే
పదహారో గడి, స్వభావం, ఖాళీ.
అందులో నా మణికట్టు నుంచి రాలిన
ఒక చుక్క, ఎండి, కాకిడేగ రంగులో.