మైనస్ తొమ్మిది

లేబుల్ మీద, మైనస్ ఐదు దాకా ఓర్చుకుంటుందని రాసుంది.
హెక్సమ్‌లో జనవరి పధ్నాలుగు రాత్రి
మైనస్ తొమ్మిది.
మిగతా నాలుగు డిగ్రీలూ ఎవరు ఓర్చుకోవాలి?

నీలం సాల్వియా ముందే పోయింది,
ఉడికిన తోటకూరలా నల్లబడి, వేలు తగిలితే జారిపోయి.
అగపాంథస్ కుండీ పగిలింది. లోపల వేళ్ళు
చెడిన ఉల్లిపాయ వాసన.
పెన్‌స్టెమన్ మాత్రం నిలబడే ఉంది ఎండుపుల్లలతో,
ఔననీ కాదనీ చెప్పకుండా.

గోటితో గీకి చూడు, అంది గోడ అవతలి మ్యూరియల్.
పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు.
గీకాను. గోధుమ రంగు.
ఇంకాస్త కింద గీకాను. గోధుమ రంగే.
మే దాకా ఆగు, అంది.
ఆ రాత్రి పదింటికి డ్యూటీ దిగి
కోటుతోనే సోఫాలో పడి నిద్రపోయానని,
కప్పాల్సిన పాత దుప్పటి మెట్ల కిందే ఉండిపోయిందని
ఆమెకి చెప్పలేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం ఇక ఆగలేకపోయాను.
వీధిలో తోటలన్నీ లేస్తుంటే
ఆ పుల్లల్ని చూస్తూ టీ తాగడం నావల్ల కాలేదు.
పార గుచ్చి, పెకలించి, మట్టి దులిపాను.

వేరు మొదట్లో
బియ్యపు గింజంత, తెల్లగా,
కొసన రవ్వంత పచ్చ.

చలి కూడా చూసీచూడనట్టు వదిలేసిందాన్ని.

మళ్ళీ అదే గుంటలో పెట్టాను. మట్టి కప్పి, అదిమి,
కెటిల్లో నీళ్ళు కాస్త వేడిచేసి తెచ్చి పోశాను,
ఎందుకో నాకే తెలీదు.

మ్యూరియల్ కిటికీలోంచి చూస్తోంది.
చెయ్యి ఊపాను,
గోళ్ళ నిండా మట్టితో.