తెరమీద లేని బస్సు

హాలిఫాక్స్ ఆసుపత్రి ముందు
రాత్రి పదకొండూ పది. వాన అడ్డంగా కొడుతోంది.
ఫోనేమో నలభై నిమిషాలంటుంది.

మూడు కంపెనీలు కొట్టుకున్న రోజుల్లో
మూడు రంగుల టికెట్లు,
ఒకరిది ఇంకొకరి గుమ్మం తొక్కేది కాదు.
ఇప్పుడన్నీ ఒకే యాప్‌లో.
ఊరంతా ఒక్క వేలి కింద.

వార్డులు తుడిచి వచ్చిన నోరీన్
ఫోను తీయనే లేదు, మలుపుకేసి చూస్తోంది.
"అల్తాఫ్ బండి ఉందిగా" అంది.
నా జాబితాలో లేదు.

వచ్చింది, ఒంటికన్ను బండి,
ఒక దీపం ఎప్పుడో పోయింది.
కమీషను కట్టనన్నాడట,
తెర అతన్ని మర్చిపోయింది.
ఎవరి బస్సు పైన కనబడాలి, ఎవరిది కింద అని
లీడ్స్‌లో విచారణ నడుస్తోందట.
మొన్నటిది మూడో వాయిదా.

మెట్టెక్కి ఫోను చూపించాను.
అతని యంత్రం ఎర్రగా దగ్గింది.
"కూర్చోవమ్మా, తలుపెయ్యాలి,
వాన లోపలికొస్తోంది."

కిటికీ పక్కన కూర్చుని చూస్తే
ఫోనులో నా నీలం చుక్క
ఏ బస్సూ లేకుండా
నడిరోడ్డు మీద
గంటకి ముప్పై మైళ్ళ వేగంతో
ఒక్కతే పోతోంది.