నలభై ఆరు, పదిహేడు

నా ఉద్యోగం పళ్ళు మోయడం.
ల్యాబులో పోతపోసిన కట్టుడు పళ్ళని
చిన్న అట్టపెట్టెల్లో సర్దుకుని
గెంట్ ఊరంతా దంతవైద్యులకి అందించడం.
అందుకేనేమో, గొడెలీవ్ కొట్లో
మేకులకి వేలాడే పళ్ళచక్రాల ముందు
అంతసేపు నిలబడిపోయాను.

ఫ్రేమ్ ముందే దొరికింది,
డాంపోర్ట్ వెనక పాత సామాన్ల సంతలో
పావురాల పంజరాల పక్కన, నలభై యూరోలకి.
ఒకప్పటి నారింజ రంగు పెచ్చులూడుతోంది.
గేరు తీగల కొక్కేలు ఇంకెందుకు, కోసేద్దామన్నాను.
"ఉండనీ," అంది గొడెలీవ్,
"బొడ్డు అవసరం తీరిందని ఎవరైనా కోసుకుంటారా?"

వెనక హబ్ నూట ఇరవై మిల్లీమీటర్లు,
ఫ్రేమ్ కాళ్ళ మధ్య ఎడం నూట ఇరవై ఆరు.
"నొక్కితే సరి, ఉక్కే కదా, ఒదుగుతుంది" అన్నాను.
"ఒదుగుతుంది గానీ గుర్తుపెట్టుకుంటుంది."
అటు మూడు, ఇటు మూడు,
రెండు ఉంగరాలు తొడిగింది.

ఆవిడ ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ఎప్పుడో తిరిగే గొలుసు తినేసింది.
ఫిక్స్‌డ్ గేర్ అడిగినవాళ్ళకి
ముందు ఆ వేలు చూపిస్తుంది:
"చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాలి.
ఊరికే కూర్చుని జారిపోవడం
ఈ బండిలో లేదు."

లాక్‌రింగు మర ఎడమవాటం.
విప్పుతున్నట్టు తిప్పితేనే బిగుస్తుంది.
రెండుసార్లు తప్పు తిప్పాను.
మూడోసారి నా మణికట్టు పట్టుకుని తిప్పించింది,
అక్షరాలు దిద్దించినట్టు.

నేను అడిగింది నలభై ఎనిమిది, పదహారు.
వాన్నెస్ బండికి అదే. నిండు లెక్క:
పెడల్ ఒక చుట్టు, చక్రం మూడు చుట్లు.
గొడెలీవ్ సుద్దముక్కతో బల్లమీద వేసి
శేషం లేకుండా భాగించింది.
"కాళ్ళు బిగపట్టి ఈడ్చి ఆపుతావు కదా,
ప్రతిసారీ టైరు అదే చోట నేలని ఒరుసుకుంటుంది.
మిగతా టైరంతా కొత్తగానే ఉంటుంది.
ఆ ఒక్కచోట నూలుపోగులు బయటపడతాయి."

నాకు గుర్తొచ్చింది టైరు కాదు.
మా వంటగదిలో మంగళవారాలు.
కిటికీ ఎవరు తెరిచి ఉంచారన్న దగ్గర మొదలై
ప్రతిసారీ వాళ్ళక్క పెళ్ళి దగ్గరే
కీచుమని ఆగే మాటలు.
ఆరేళ్ళ కాపురం,
మిగతాదంతా దాదాపు కొత్తగానే ఉంది.

"నలభై ఆరు, పదిహేడు," అంది ఆవిడ.
"ఈ రెంటికీ చుట్టరికం లేదు.
పదిహేడు చోట్ల పంచుకుని అరుగుతుంది."
"అరగడం మాత్రం తప్పదా?"
"బండి కొంటున్నావా, బొమ్మ కొంటున్నావా?"

గొలుసు తొడిగి, ఇరుసు వెనక్కి లాగి,
ఈ నట్టు కాస్త, ఆ నట్టు కాస్త.
తిప్పి చూస్తే ఒకచోట బిగుతు, ఒకచోట వదులు.
ఏ పళ్ళచక్రమూ నూటికి నూరుపాళ్ళు గుండ్రం కాదట.
బోల్టులు సడలించి పానాతో మెల్లగా తట్టి
బిగుతు చోటుని ఒప్పించాలి, బెదిరించకూడదు.
వేలితో ఎత్తితే అరంగుళం ఊగాలి గొలుసు.

ముందు బ్రేకు వద్దన్నాను, అందం పోతుందని.
గోరులేని వేలితో మాట్లాడకుండా బిగించింది.
దానికి డబ్బు తీసుకోలేదు.

ఇంటికి వానలో వచ్చాను.
ట్రామ్ పట్టాల దగ్గర ఆపబోయిన కాళ్ళని
పెడళ్ళే ఎత్తి ముందుకి విసిరాయి.
గుండె రెండు వీధులు ఆలస్యంగా చేరింది.

వాన్నెస్ బండి మెట్లకింద ఉంది.
వెనక టైరు తడిమితే దొరికింది ఆ చోటు,
అరచేతి వెడల్పున, నున్నగా, దాదాపు వెచ్చగా.
గాలి తీసి, టైరుని రిమ్ముమీద
ఒక జానెడు జరిపి, మళ్ళీ గాలి కొట్టాను.
పంపు చప్పుడుకి మెట్లమీదకొచ్చి
"ఏం చేస్తున్నావ్?" అన్నాడు.
"జరుపుతున్నాను."
ఇంకేదో అడగబోయి,
నారింజ ఫ్రేమ్ చూసి, బాగుంది అన్నాడు.

పైన కిటికీ తెరిచే ఉన్నట్టుంది. చలి.
రేపు ఎనిమిదింటికి మొదటి డెలివరీ:
పై దవడలు రెండు, కింది దవడ ఒకటి.