హాజరు పట్టీ

వరహాలు మేష్టారి రిజిస్టరులో
ఏ బడిలోనూ లేని గుర్తు ఒకటుండేది.
రాని పిల్లల పేరు పక్కన ఆబ్సెంటు వేసేవారు కాదు
'వే' అని రాసేవారు.
వే అంటే వేట.
అయ్యతో తెప్పెక్కినోడికి వే,
ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు లాగినోడికి వే,
తమ్ముణ్ణి చంకనేసుకుని
అమ్మ చేపలమ్మి వచ్చేదాకా గుమ్మంలో కూచున్న
నాకూ వే.
ఇనస్పెక్టరు నిలదీస్తే
"పిల్లలంతా పన్లోనే ఉన్నారండి,
బడొక్కటే కాళీగా ఉంది" అన్నారట.

సాయంత్రం ఆ 'వే'లన్నిటినీ వెతుక్కుంటూ
పెదజాలరిపేట సందుల్లోకి దిగేవారు.
ప్యాంటు మోకాళ్లదాకా మడిచి,
జేబులో సుద్దముక్క, చంకలో ఎవరిదో పలక.
మా వీధిలోకొచ్చిన ఇస్త్రీ చొక్కాల్లో
ముక్కు మూసుకోనిది అదొక్కటే.

భిన్నాలు నా బుర్రకెక్కలేదు.
పుస్తకంలో ఆపిలు పండు కోశారు.
మా ఇంట్లో ఆపిలంటే జొరమొచ్చినప్పుడే.
మేష్టారు ఇసకలో పుల్లతో పడవ గీశారు.
"వలేసింది ఆరుగురు.
సగం పడవకీ వలకీ పోయింది.
మిగతా దాన్లో మీ నాన్నకెంతే?"
పన్నెండులో ఒకటి, అన్నాను.
అని ఆగిపోయాను.
మా ఇంటికి ఏనాడూ
పన్నెండులో ఒకటి రాలేదు.

మర్నాడు వేలంపాట దగ్గర
అమ్మ కొంగు పట్టుకుని పైకే లెక్కేశాను.
షావుకారు నవ్వాడు.
నాన్న లెంపకాయ కొట్టాడు.
అమ్మ ఏమీ అన్లేదు గాని
ఆ రాత్రి పెద్ద ముక్క నా కంచంలో పడింది.

హుద్‌హుద్ పోయిన మర్నాడు
బడికి కప్పు లేదు, పేటకి ఆకారం లేదు,
కైలాసగిరి ఒక్క రాత్రిలో బోడిగుండు.
కంచరపాలెం నుంచి నడిచొచ్చారు
కూలిన చెట్టల్లా ఎక్కి దిగి,
ఉబ్బిపోయిన రిజిస్టరు తువ్వాల్లో చుట్టుకుని.
తిరగబడ్డ తెప్ప మీద కూచుని
ఒకటో నంబరు నుంచి పిలిచారు.
"ఒలిశెట్టి నూకాలు."
"ఉన్నాను మేష్టారూ."
"గనగళ్ల పైడితల్లి."
"ఉన్నానండి."
"తెడ్డు పరదేశి. ఒరే, తెడ్డు పరదేశీ!"
రేకుల గుట్ట వెనకాల నుంచి, "ఆఁ, ఉన్నా!"
ముప్ఫై ఏడుగురం. ముప్ఫై ఏడు టిక్కులు.
అప్పుడు గాని ఆయనకి దాహమెయ్యలేదు.
ఊరంతటికీ నీళ్లు లేవు.
సూరాడ ఎల్లాజీ ఎక్కణ్ణుంచో
రాలిన కొబ్బరిబొండం తెచ్చి పళ్లతో వలిచిచ్చాడు.

ఎల్లాజీ లెక్కల్లో నాకన్నా చురుకు.
పదమూడో ఏట వేరావల్ బోటుకి తోలీసినారు.
మేష్టారు స్టేషనుదాకా పరిగెత్తారు.
జేబులోది టిక్కెట్టు డబ్బుకి సరిపోయింది,
వాళ్లయ్య తిన్న అడ్వాన్సుకి చాల్లేదు.
ఏడాదికో కొత్త రిజిస్టరు,
ప్రతిదాన్లో ఆఖర్న పెన్సిలుతో ఆ పేరు,
పేరు పక్కన వే.
రిటైరయ్యేదాకా.

నేనేం కలెక్టర్ని కాలేదు.
హార్బర్లో కాటా దగ్గర కూచుంటాను,
తెల్లారగట్ల మూడింటి నుంచి.
వాటాల చీటీ మీద ఒక్కో పేరూ పైకి చదువుతాను,
ఎవరికెంతో అందరికీ వినపడేలా.
షావుకారు కొడుకు నన్ను లెక్కల మేడమంటాడు,
వెటకారానికే.
బుట్టలోళ్లు మాత్రం నా వైపే లైను కడతారు.

మొన్న ఎండెక్కేక మేష్టారు వచ్చారు,
వంజరం ముక్క కోసం.
చూపు ఆనట్లేదు, కాటా అంకెలు నన్నే చదవమన్నారు.
"కిలో మీద నూట యాభై గ్రాములండి."
"భిన్నంలో చెప్పవే."
"ఒకటీ, ఇరవైలో మూడొంతులూ."
బోసినోటితో నవ్వారు.
సంచీ పట్టుకుని రెండడుగులేసి ఆగారు.
"ఎల్లాజీ?"

జెట్టీ అవతల, ఇంకా రాని బోట్ల వైపు చూసి
"వే, మేష్టారూ" అన్నాను.
తలూపారు.
చొక్కా జేబు తడుముకున్నారు, పెన్సిలు కోసం.