సున్నాకీ నాలుగు

మూడో పంపు బేరింగు మీద
నిమ్మకాయంత సెన్సరు బిగించిన రోజు
షూర్డ్ నవ్వాడు.
"ముప్ఫై ఏళ్లుగా స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి వింటున్నా.
ఇది నాకు కొత్తగా ఏం చెబుతుంది?"

మా ఫ్రీస్‌లాండ్‌లో ఈ మూల
నేల సముద్రం కంటే నిలువు లోతున ఉంది.
పడ్డ వాన ఎటూ పారదు, ఎత్తి పోయాల్సిందే.
గొర్రెలూ, బంగాళాదుంప చేలూ, మా పిల్లల బడీ
ఈ మూడు పంపుల మీద తేలుతున్నాయి.

వణుకుని సెకనుకి వేలసార్లు తూకం వేస్తాం.
ఊరికే సగటు తీస్తే వచ్చేది సున్నా.
అటు ఊగినంతా ఇటూ ఊగుతుంది కదా,
సగటు మీద ఏ యంత్రమూ కదలనట్టే లెక్క.
అందుకని ప్రతి ఊపునీ వర్గం చేస్తాం
అటూ ఇటూ ఒకదాన్నొకటి చెరుపుకోకుండా.
తర్వాత సగటు. తర్వాత వర్గమూలం.
పది నిమిషాల హోరంతా
చివరికి తెర మీద ఒక్క చుక్క.

ఆ అంకెని తీగలో పంపేటప్పుడు
సున్నాకీ నాలుగు మిల్లీఆంపియర్లు ఇస్తాం.
పంపు కదలక ఊరుకోవడం వేరు,
తీగ తెగి ఊరుకోవడం వేరు.
ఈ చిన్న మర్యాద ఎవరు కనిపెట్టారో గానీ
మా ఇంట్లోనూ ఉంటే బాగుండునని
ఆ శీతాకాలం చాలాసార్లు అనుకున్నాను.

అక్టోబరులో ఒకటి పాయింట్ ఎనిమిది.
సెయింట్ నికోలస్ పండుగకి రెండు పాయింట్ ఒకటి.
హెచ్చరిక గీత నాలుగున్నర దగ్గర
ఎర్రగా, పనీపాటా లేకుండా పడుంది.
నిన్నటి పక్కన నిలబెడితే
ఏ రోజైనా మామూలుగానే కనబడుతుంది.

జనవరి. రాత్రి డ్యూటీ. వాయవ్యం నుంచి గాలి,
కాలవల్లో గట్టంచుదాకా నీళ్లు.
నూరు రోజుల్ని జానెడు వెడల్పుకి కుదించి చూశాను.
చుక్కలన్నీ కలిసి కొండెక్కుతున్నాయి,
కొండలే లేని ఈ దేశంలో.

షూర్డ్‌ని నిద్రలేపాను.
ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు.
"గుండ్రాయిలా ఉంది పిల్లా."
రెండో చెవి. "గుండ్రాయే."
నాకు మాత్రం నిలబడ్డ చోటికే
ఇనుప పళ్లెం మీద గోరు గీసినట్టు
సన్నగా వినబడుతూనే ఉంది.

ఆయన నా మొహం చూశాడు. ఏమీ అడగలేదు.
ఆ వరదలో పంపు ఆపడానికి లేదు.
వేగం కాస్త తగ్గించి
తెల్లారేదాకా దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు
జబ్బుమనిషి దగ్గర కూర్చున్నట్టు.

పొద్దున నీళ్లు బెత్తెడు తగ్గాక విప్పాం.
బయటి వలయం మీద బియ్యపుగింజంత గుంట.
బొటనవేలి గోటితో వెతికాడు. గోరు ఆగింది.
"ఎప్పటినుంచి చెబుతోందిది?"
"నవంబరు నుంచి."
"మరి నా చెవి?"
దానికి మా దగ్గర రికార్డు లేదు.

కొత్త బేరింగు. ఒకటి పాయింట్ రెండు.

ఇప్పుడాయన ముందు తెర దగ్గర నిలబడతాడు,
కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి.
ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని పంపు దగ్గరకే వెళతాడు.
వినడానికి కాదట,
ఎముకకి ఇంకా తెలుస్తుందట.

డ్యూటీ దిగేముందు నేను
యెల్మర్‌కి ఒక మెసేజ్ పెడతాను, జవాబు వచ్చినా రాకపోయినా.
విశేషాలేం లేవు. ఉన్నాను.